బావి గట్టున మూడు ప్రశ్నలు



బావి కింద సేద్యం చేసే మన విశ్వాసులకు ఒక సంగతి నేను చెప్పనక్కరలేదు. గట్టు మీద పెట్టిన మోటారు లోతు నీళ్ళను లాగదు. నీళ్ళు పాతిక అడుగులు దాటి కిందికి పోయాయంటే, మోటారు ఎంత పెద్దదైనా, సెక్షన్ పైపు ఎంత కొత్తదైనా, ఊరికే తిరుగుతుంది గాని నీళ్ళు పోయదు. అప్పుడు బావి లోపల దిమ్మె కట్టి, మోటారును మోకులతో దించి నీళ్ళకు దగ్గరగా కూర్చోబెడతారు. అక్కడి నుండి అదే మోటారు నీళ్ళను గట్టు దాటించి పొలం చివరి మడి దాకా తోస్తుంది. తోయడానికి లేని హద్దు లాగడానికి ఎందుకు వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలియక నేను చేసిన తప్పు ఒకటి ఉంది. దానిని ముందు ఒప్పుకొని తరువాత విషయానికి వస్తాను.

2009 వేసవి. నేను సేవకు కొత్త. మా పాస్టరేటులోని ఒక ఊరిలో ఒక విశ్వాసి అప్పు చేసి 5 హెచ్‌పి మోటారు కొన్నాడు. బావి దగ్గర ప్రార్థన చేయమని నన్ను పిలిచాడు. వాక్యం చదివి, ప్రార్థించి, స్విచ్ వేశాం. మోటారు తిరిగింది. నీళ్ళు రాలేదు. పైపులో మళ్ళీ నీళ్ళు పోసి వేశాం. రాలేదు. చుట్టూ నిలబడ్డ వాళ్ళలో ఒక పెద్దాయన ఆకాను సంగతి ఎత్తాడు. ఈ ఇంటిలో ఎవరో ఒప్పుకోని పాపం దాచుకొని ఉన్నారు, అందుకే ప్రభువు ఆశీర్వదించలేదు అన్నాడు. అందరి చూపులూ ఆ రైతు భార్య మీదికి పోయాయి. ఎందుకు ఆమె మీదికే పోయాయో మీకు తెలుసు, నాకూ తెలుసు. ఆమె తల వంచుకుంది. నేను ఆ మాటను ఖండించలేదు. మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టాను.

రెండవ రోజు కూడికలో ఇంటర్ చదివే ఒక అబ్బాయి లేచాడు. "అయ్యగారూ, పాపం వల్ల కాదండి. నీళ్ళు ముప్పై అయిదు అడుగుల లోతుకు పోయినయి. గాలి అంత లోతు నుంచి తొయ్యలేదు. మోటారు దించితే వస్తయి," అన్నాడు. అంతటితో కూర్చుంటే బాగుండేది. "ప్రకృతికి నియమాలు ఉన్నయి, దేవుడు అక్కరలేదు అని మా లెక్చరర్ గారు చెప్పారండి. అది నిజమా?" అని కూడా అడిగాడు. నాకు కోపం వచ్చింది. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయం 8వ వచనం తీసి, తత్వజ్ఞానం మనిషిని ఎలా చెరపట్టుకొని పోతుందో అందరి ముందు వాడికి వినిపించాను. వాడు కూడిక ముగియకముందే లేచి వెళ్ళిపోయాడు.

మూడవ రోజు మండలం నుండి మెకానిక్ వచ్చాడు. మోటారును పదిహేను అడుగులు దించాడు. నీళ్ళు ధారగా పడ్డాయి. ఆదివారం ఆరాధనలో నేను నిలబడి, ఉపవాస ప్రార్థనకు ప్రభువు జవాబిచ్చాడని సాక్ష్యం చెప్పాను. మెకానిక్ పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ తల్లి మీద పడ్డ మాటను ఎవరూ వెనక్కి తీసుకోలేదు. అబ్బాయి ఆ ఆదివారం రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు.

కొన్నేళ్ళకు నాకు బ్లేజ్ పాస్కల్ జీవితం చదివే అవకాశం కలిగింది. వేదాంత కళాశాలలో ఆయన పేరు ఒక్క పాఠంలో విన్నాను, పరీక్ష వ్రాసి మరచిపోయాను. 1623లో ఫ్రాన్సు దేశంలోని క్లెర్మాన్ పట్టణంలో పుట్టాడు. మూడేళ్ళకే తల్లి పోయింది. పన్నుల ఉద్యోగంలో ఉన్న తండ్రి లెక్కలతో అవస్థ పడుతుంటే, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకముందే, పళ్ళ చక్రాలతో కూడికలు చేసే యంత్రం ఒకటి కనిపెట్టాడు. ఆయన రోమన్ కాథలిక్కు. అందుచేతనేమో మన ప్రసంగాలలో ఆయన పేరు తక్కువ. కాని మా ఊరి బావి సంగతి తేల్చినవారిలో ఆయన ఒకడు.

ఆ రోజుల్లో తత్వజ్ఞానులు చెప్పే మాట ఒకటి ఉండేది. ప్రకృతికి శూన్యమంటే గిట్టదట. గొట్టంలో నుండి గాలి తీసేస్తే ఆ ఖాళీని నింపడానికి నీళ్ళు పరుగెత్తుకొని వస్తాయట. గ్రీకు పండితుడైన అరిస్టాటిల్ కాలం నుండి దాదాపు రెండు వేల ఏళ్ళు బడుల్లో ఇదే పాఠం. వినడానికి బాగానే ఉంది. కాని గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో పంపు పనివాళ్ళకు తెలిసిన ఒక చిక్కును వ్రాశాడు. పంపు ఎంత మంచిదైనా సుమారు 34 అడుగులకు మించి నీళ్ళు రావు. మరి ప్రకృతికి శూన్యం గిట్టకపోతే, 34 అడుగుల దాకానే గిట్టదా? ఆ పైన పరవాలేదా?

1644లో ఇటలీలో టోరిసెల్లీ అనే పండితుడు నీళ్ళకు బదులు పాదరసం తీసుకున్నాడు. అది నీటికంటే పదమూడున్నర రెట్లు బరువు. గాజు గొట్టం నిండా పోసి, తలకిందులుగా పాదరసపు తొట్టిలో నిలబెడితే, కొంత దిగి సుమారు 76 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. పైన ఖాళీ. ఆయన అనుకున్నది ఏమంటే, మనం గాలి అనే సముద్రం అడుగున బ్రతుకుతున్నాం, ఆ గాలి బరువే తొట్టిలోని పాదరసాన్ని నొక్కి గొట్టంలో నిలబెడుతోంది. అంటే పంపు నీళ్ళను లాగడం లేదు. పైపులోని గాలిని తీసేస్తోంది, అంతే. బావిలో నీటి మీద కూర్చున్న గాలి ఆ నీటిని పైకి తోస్తోంది. గాలి బరువు 34 అడుగుల నీటి బరువుకు సమానం. అక్కడికి దాని సత్తువ అయిపోతుంది. పైపు అతుకుల్లో గాలి దూరడం, పంపు నిండుగా గాలి తీయలేకపోవడం కలిసి మన పొలాల్లో పాతిక అడుగులకే ఆగుతుంది. మా అబ్బాయి చెప్పింది అక్షరాలా ఇదే.

పాస్కల్ ఈ మాట విని, రువాన్ పట్టణంలో 46 అడుగుల గాజు గొట్టాలు చేయించి నీళ్ళతోను ఎర్ర ద్రాక్షారసంతోను జనం ఎదుట పరీక్ష చేశాడు. ద్రాక్షారసం నీటికంటే తేలిక కనుక కొంచెం ఎక్కువ ఎత్తున నిలిచింది. అయినా గొప్ప తత్వజ్ఞాని దెకార్త్ వంటివారు ఒప్పుకోలేదు, శూన్యం ఉండటానికి వీలే లేదన్నారు. అప్పుడు పాస్కల్‌కు ఒక తలంపు వచ్చింది. గాలి సముద్రం నిజమైతే, కొండ ఎక్కినకొద్దీ నెత్తిమీద గాలి తగ్గాలి, పాదరసం దిగాలి. తానేమో జబ్బు మనిషి, పైగా ప్యారిస్‌లో ఉన్నాడు. క్లెర్మాన్ దగ్గర పుయ్-ద-డోమ్ అనే కొండ ఉంది, పట్టణం కంటే దాదాపు వెయ్యి మీటర్లు ఎత్తు. అక్కడ ఉన్న తన అక్క భర్త పెరియెకు జాబు వ్రాశాడు.

1648 సెప్టెంబరు 19 ఉదయం పెరియె కొందరు పెద్దమనుషులను వెంటబెట్టుకొని బయలుదేరాడు. కింద ఒక మఠం తోటలో రెండు గొట్టాలు నిలబెట్టి చూశారు. రెండింటిలోను పాదరసం ఒకటే ఎత్తు, ఆనాటి ఫ్రెంచి అంగుళాల్లో 26కు కొంచెం పైన. ఒక గొట్టాన్ని అక్కడే ఉంచి, రోజంతా కదలకుండా చూస్తూ ఉండమని ఆ మఠానికి చెందిన ఒక సన్యాసిని కూర్చోబెట్టారు. రెండవదాన్ని కొండ మీదికి మోసుకుపోయారు. శిఖరం మీద పాదరసం 23 అంగుళాలకు కొంచెం పైన ఆగింది. మూడు అంగుళాలకు పైగా దిగింది! నమ్మలేక శిఖరం మీదనే చోటు మార్చి మార్చి ఐదుసార్లు చూశారు. గాలి వీచే చోట, చాటున, ఎండలో, మంచులో, అన్నిచోట్లా అంతే. సాయంకాలం దిగివచ్చి అడిగితే, కింద కాపలా ఉన్న సన్యాసి తన గొట్టంలో ఉదయం నుండి ఏ మార్పూ లేదన్నాడు.

ఈ కథలో నన్ను ఆపేసింది పాదరసం కాదు, ఆ సన్యాసి. విజ్ఞానానికీ విశ్వాసానికీ పుట్టుక నుండి పగ అని మనవాళ్ళూ చెబుతారు, కాలేజీలవాళ్ళూ చెబుతారు. ఇక్కడ చూస్తే కొండ ఎక్కినవారిలో మరొక మఠ గురువు, దేవాలయపు పెద్ద ఒకరు ఉన్నారు. కింద రోజంతా గొట్టం కనిపెట్టింది ప్రార్థనాపరుడైన మనిషి. పాదరసం దిగితే దేవుడు దిగిపోతాడని వాళ్ళలో ఎవరూ భయపడలేదు. నేను మాత్రం ఒక బావి దగ్గర భయపడ్డాను.

అయితే సంఘం ఎన్నడూ తప్పు చేయలేదని కాదు. 1633లో రోమా సంఘ న్యాయసభ గెలీలియో చేత, భూమి తిరుగుతుందన్న మాటను విడిచిపెట్టినట్లు మోకాళ్ళ మీద ప్రమాణం చేయించింది. దాని గురించి పాస్కల్ 1657 మార్చిలో ఒక బహిరంగ లేఖలో, తన సంఘంవాడై యుండి కూడా, తేటగా వ్రాశాడు. భూమి తిరుగుతున్నది నిజమైతే లోకంలోని మనుషులందరూ కలిసినా దాన్ని ఆపలేరు, దానితోపాటు తాము తిరగకుండా ఉండలేరు అన్నది ఆయన వాదం. ఆ లేఖలోనే ఒక నియమం పెట్టాడు. కంటికి కనబడే సంగతిని కన్నే తీర్పు తీర్చాలి. ఆలోచనకు అందే సంగతిని బుద్ధి తీర్పు తీర్చాలి. వాటికి మించిన దేవుని సంగతులకు వాక్యమూ విశ్వాసమూ న్యాయస్థానం. ఆ లేఖలన్నిటినీ అదే సంవత్సరం రోమా సంఘం నిషేధ గ్రంథాల జాబితాలో చేర్చింది.

ప్రియులారా, మనకు పొలం గట్లు తెలుసు. గట్టు జరపడం ఎంత పాపమో ధర్మశాస్త్రమూ సామెతల గ్రంథమూ చెబుతున్నాయి. నీళ్ళు ఎంత లోతున ఉన్నాయన్నది తాడు వేసి కొలవవలసిన సంగతి. దాన్ని నేను పాపం ఖాతాలో వ్రాశాను. అంటే గట్టు జరిపాను. ఆ లెక్చరర్ గారూ జరిపారు. ప్రకృతికి నియమాలున్నాయి అనడం విజ్ఞానం. కనుక దేవుడు అక్కరలేదు అనడం విజ్ఞానం కాదు, అది తత్వజ్ఞానం. ఏ గొట్టంలో ఏ పాదరసమూ ఆ మాట చెప్పలేదు. ఆయన కొలిచి చెప్పిన మాటకు తోకగా కొలవని మాటను కట్టి పిల్లల చేతికిచ్చారు. నేను అబ్బాయికి ఆ ముడి విప్పి చూపించవలసింది. ముడి విప్పడం తెలియక రెండింటినీ కలిపి పారేయమన్నాను. వాడు తెలివైనవాడు కనుక నన్నే పారేశాడు.

ముడి విప్పే పనికే తత్వజ్ఞానం కావాలి. కొలొస్సయులను పౌలు హెచ్చరించింది మోసపు తత్వజ్ఞానం గురించి, క్రీస్తును పక్కకు నెట్టే బోధ గురించి. అదే పౌలు ఏథెన్సులో ఎపికూరీయులతోను స్తోయికులతోను తర్కించాడు, వాళ్ళ కవుల మాటలే ఎత్తి మాట్లాడాడు. ఆలోచించడం మానేయమని ఆయన ఎక్కడా చెప్పలేదు.

మరి ఆలోచన ఒక్కటే చాలునా? ఇక్కడ పాస్కల్ పందెం గురించి ఒక మాట. దేవుడు ఉన్నాడని నమ్మి బ్రతికితే, ఉంటే అంతా లాభం, లేకపోయినా పెద్ద నష్టం లేదు అన్న వాదన ఆయన పేరుమీద ప్రసంగాల్లో తిరుగుతూ ఉంటుంది. నేనూ వాడాను. లాటరీ టికెట్టు అమ్మినట్టుగా ఉందని ఒక పెద్దాయన నన్ను దెప్పాడు, అది న్యాయమే. ఆయన వ్రాసుకున్న చిత్తు కాగితాలను ఆయన చనిపోయాక 1670లో అచ్చువేశారు. వాటిలో ఇది ఒక ముక్క మాత్రమే. ఆయన విశ్వాసం లెక్క వేసుకొని వచ్చింది కాదు. 1654 నవంబరు 23 రాత్రి, పదిన్నర నుండి పన్నెండున్నర దాకా, ఆయనకు ప్రభువుతో ఒక అనుభవం కలిగింది. దాన్ని ఒక కాగితం మీద వ్రాసుకొని, తోలు పత్రం మీద కూడా నకలు తీసి, రెంటినీ తన కోటు లోపల కుట్టుకున్నాడు. కోటు మార్చినప్పుడల్లా విప్పి మళ్ళీ కుట్టుకునేవాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదేళ్ళ తరువాత, ఆయన మరణించాక, పనివాడి చేతికి తగిలింది. తాను కలుసుకున్నది పండితులు తర్కంతో నిరూపించే దేవుణ్ణి కాదు, పితరులతో మాట్లాడిన దేవుణ్ణి, యేసుక్రీస్తు తండ్రిని అని అందులో ఉంది. లెక్కల పండితుడు, శూన్యాన్ని కొలిచినవాడు, ఆ రాత్రి ఏడ్చాడు.

ఆ అనుభవం తరువాత ఆయన బుద్ధిని మూటగట్టి పెట్టలేదు. 1658లో పంటి నొప్పితో నిద్రపట్టక ఒక గణిత సమస్య పట్టుకుంటే నొప్పి మరచిపోయాడట. నొప్పి మరిపించే లెక్కలు నేనైతే ఎరుగను. 1662లో ప్యారిస్ వీధుల్లో తక్కువ చార్జీకి జనాన్ని చేరవేసే గుర్రపు బండ్ల ఏర్పాటు చేశాడు, దానిలో తన వంతు రాబడి బీదలకు పంపాలని చూశాడు. ఆ ఏడే, తన ఇంట్లో చోటిచ్చిన ఒక బీద కుటుంబంలో పిల్లవాడికి మశూచి వచ్చింది. వాళ్ళను పంపించమన్నారు. ఆయన వాళ్ళను ఇంట్లో ఉంచి, రోగంతో తీసుకుంటున్న తానే అక్క ఇంటికి మారాడు. ఆగస్టు 19న అక్కడే ప్రభువునందు నిద్రించాడు. వయస్సు 39.

యోబు గ్రంథం 28వ అధ్యాయం ఇంటిదగ్గర నెమ్మదిగా చదవండి. దేవుడు గాలికి బరువు నియమించాడని 25వ వచనంలో ఉంది. చూశారా, టోరిసెల్లీకి ముందే బైబిలు చెప్పేసింది అని మనం చప్పట్లు కొట్టిస్తాం. నాకు ఆ పద్ధతి ఇప్పుడు రుచించడం లేదు. ఆ అధ్యాయం మొదట గనులు తవ్వే మనుషుల గురించి ఉంది. చీకటిలో దీపం పెట్టుకొని, తాళ్ళకు వేలాడుతూ, ఇనుమూ వెండీ నీలమణులూ పైకి తెచ్చే మనుషులు. వాళ్ళ తెలివిని ఆ గ్రంథకర్త ఎక్కడా తక్కువ చేయలేదు. మోటారు దించిన మా మెకానిక్ వాళ్ళ తమ్ముడే. ఆ తరువాతనే అడుగుతాడు, ఇంత లోతుకు తవ్వినవాడికి జ్ఞానం ఏ లోతున దొరికింది అని.

పుయ్-ద-డోమ్ మీద దిగిన పాదరసమే ఇప్పుడు మన రేడియోలోను టీవీలోను అల్పపీడనం అని వినబడుతోంది. గాలి ఒత్తిడి ఎక్కడ తగ్గిందో కొలిచి తుఫాను వస్తుందని ముందే చెబుతున్నారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయారు. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు లక్షలమందిని ముందే తరలించారు, ఆంధ్రలో మరణాలు వందలోపే. ఖాళీ చేయమని అధికారులు వచ్చినప్పుడు ప్రార్థన చేసుకుంటూ ఇక్కడే ఉంటాం అనే విశ్వాసులకు నేను చెప్పేది ఒకటే: ఆ జీపు కూడా దేవుడు పంపిందే, ఎక్కండి.

కాని దివిసీమ నుండి మా ప్రాంతానికి కోడలిగా వచ్చిన ఒక అమ్మమ్మ ఉంది. ఉప్పెనలో తమ్ముణ్ణి పోగొట్టుకుంది. చేయి పట్టుకొని ఉండగానే జారిపోయాడట. "వాయుగుండం సంగతి రేడియో చెప్పింది నాయనా. నా చెయ్యే ఎందుకు జారిందో ఎవురు చెప్తారు?" అని ఒకసారి నన్ను అడిగింది. గాలి బరువు లెక్క తెలిసినవాడు దానికి జవాబు చెప్పలేడు. తత్వజ్ఞాని బాధకు కారణాలు వరుసగా చెప్పగలడు, ఆమె వినదు. నేనూ కారణం చెప్పలేదు, నాకు తెలియదు. లాజరు సమాధి దగ్గర ప్రభువు కన్నీళ్ళు విడిచిన భాగం చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను.

2022లో నన్ను మళ్ళీ అదే పాస్టరేటుకు మార్చారు. మొదట ఆ రైతు ఇంటికి వెళ్ళాను. ఆ తల్లికి జుట్టు నెరిసింది. పదమూడేళ్ళ కిందటి మాటకు క్షమాపణ అడిగితే, "ఇప్పుడెందుకయ్యా అయ్యగారూ" అని లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. నీళ్ళు ఇచ్చేటప్పుడు ఆమె చేయి వణికింది. తరువాత ఆదివారం ఆరాధనలో ఆ సంగతి ఆమె పేరెత్తకుండా అందరి ఎదుట ఒప్పుకున్నాను.

అబ్బాయి ఇప్పుడు హైదరాబాదులో పంపుల పని చేస్తాడు. 2023 మే నెలలో సెలవు మీద వచ్చాడని తెలిసి, వి.బి.ఎస్. పిల్లలకు ఒక పరీక్ష చూపించాలి, సాయం చేస్తావా అని కబురు పంపాను. గుడికైతే రానన్నాడు. నీళ్ళ ట్యాంకు దగ్గరికైతే వస్తానన్నాడు. తాపీమేస్త్రీలు వాడే తేట లెవెల్ పైపు, దళసరిది, నలభై అడుగులది తెచ్చాం. నిండా నీళ్ళు పోసి, పై కొసను మడిచి వైరుతో బిగించి, కింది కొసను బకెట్టు నీళ్ళలో ముంచాం. వాడు పై కొస పట్టుకొని ట్యాంకు మెట్లు ఎక్కాడు. పిల్లలు కింద నుండి అరుస్తున్నారు. పైపు పైభాగంలో నీళ్ళు బుడగలు కక్కి, కిందికి దిగి, ఒకచోట ఆగాయి. పైన ఖాళీ. టేపు పట్టి కొలిచి, "ముప్పై ఒకటి అయ్యగారూ!" అని కేకవేశాడు.

"పుస్తకంలో ముప్పై నాలుగు అని ఉందే?" అన్నాను.

"ఎండకు నీళ్ళు కాగినయి గదండి. పైన ఖాళీలో ఆవిరి చేరి అది గూడ కిందికి తోస్తంది. మన ఊరు సముద్రం కంటే ఎత్తు గూడ. మూడు అడుగులు అక్కడ పోతయి," అన్నాడు.

పిల్లలు నా వైపు చూశారు. నాకు తెలియదురా, ఆ అన్ననే అడగండి అన్నాను. వాడు మెట్ల మీదనే కూర్చొని వాళ్ళకు మళ్ళీ మొదటి నుండి చెప్పడం మొదలుపెట్టాడు.